మూత్రవేగము నాపలేనివారికి నాడీప్రేరణ పరీక్ష



నడిగూడెములోని కోటను జూచినవారికి మునగాల పరగణా ప్రభువులగు రాజా నాయని వెంకటరంగారావుగారి పేరును, వారి సంస్థానమున దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరును నేను పరిచయము చేయ నక్కఱలేదు. లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, చరిత్రమే గాక ప్రకృతిశాస్త్రములు సైతము తెలుఁగువానికిఁ దెలుఁగుననే యందవలయునని పాటుపడిరి. ఆ త్రోవ ననుసరించి నేఁ డొక వైద్యవిషయమును మన మాటలలో మనవి చేయఁదలఁచితిని. అది పదుగురిలోఁ జెప్పుకొనుటకు సంకోచము గలిగించు విషయము. ఆ సంకోచముచేతనే పెక్కండ్రు వృద్ధులు చికిత్స లేక బాధపడుచున్నారు గనుక దాఁపరికము లేకుండఁ జెప్పుట యవసరము.

మూత్రవేగము నాపుకొనలేని బాధ యెట్టిదో పడినవారికే తెలియును. పోవలయునని తోఁచుటయు, మఱుగు చేరులోపలనే పంచె తడియుటయు నొక్క క్షణమున జరుగును. పగలు పదిపదునైదు మాఱులు, రాత్రి నాలుగైదు మాఱులు లేవవలసి వచ్చును. ఇట్టివాఁడు పెండ్లిపందిటిలో ద్వారమునొద్దనే కూర్చుండును. పురాణము జరుగుచుండఁగా నడుమ లేచి పోవును. కోదాడలో హైదరాబాదు బస్సెక్కవలసి వచ్చినచో ముందునాఁటి రాత్రినుండియే నీరు మానును. నీరు మానినకొలఁది మూత్రము చిక్కనై మూత్రాశయమును మఱింత రేఁపును. మలబద్ధము గలిగి బాధ రెట్టింపగును. రాత్రివేళ చీఁకటిలోఁ దొందరపడి లేచి, కాలుజాఱి, తుంటియెముక విఱిగి మంచమెక్కినవారు మన గ్రామములలో లేకపోలేదు. కావున నిది పంచె తడియుటతోఁ బోవు విషయము గాదు. మనుష్యుని ప్రాణమునకును మర్యాదకును సంబంధించినది.

"ముసలితనమున నిది సహజమే కదా" యని కొందఱందురు. వయస్సుతో నీ బాధ యెక్కువమందికిఁ గలుగుట నిజమే. కాని సహజ మనుకొని యూరకుండుట యుక్తము గాదు. చూపు మందగించినవాఁడు సహజమే యని కండ్లద్దములు మానుకొనుచున్నాఁడా?

ముందు మూత్రాశయము పనిచేయు తీరును గొంచెము తెలిసికొందము. సుశ్రుతుఁడు మూత్రాశయమును ఆనపకాయతోఁ బోల్చి, దాని కొక్కటే ద్వారమనియు, ఆ ద్వారము క్రిందిమొగముగా నుండుననియుఁ జెప్పినాఁడు. నేఁటి శారీరశాస్త్రమును ఆ సంచిని కండరముతో నైన తిత్తిగానే వర్ణించును. పెద్దవారి మూత్రాశయమున సుమారు నాలుగైదువందల మిల్లీలీటర్లు, అనఁగా రమారమి అరలీటరు, నిలువఁగలదు. సగము నిండునప్పటికిఁ గొంచెము తెలివి గలుగును. ఐనను మనము పనిచూచుకొని తీరికగాఁ బోవుదుము. పగటివేళ ఆఱేడు మాఱులు పోవుట సామాన్యము.

దీనిని మన చెఱువుతోఁ బోల్చి చెప్పెదను. చెఱువునకుఁ దూము కలదు. తూమునొద్ద నీరటివాఁడు కలఁడు. ఊరిపెద్ద వేఱుగా నున్నాఁడు. నీరెంత నిండినదో నీరటివాఁడు పెద్దకుఁ దెలుపుచుండును. పెద్ద యాజ్ఞ యైనప్పుడే తూము లేచును. మన దేహమున చెఱువు మూత్రాశయము, తూము దాని క్రింది బిగువు కండరము, ఊరిపెద్ద మెదడు, వార్త తెచ్చి యాజ్ఞ కొనిపోవునవి నరములు. చెఱువు పావువంతైన నిండకముందే నీరటివాఁడు "కట్ట తెగుచున్న" దని కేకలువేసినచో ఊరంతయుఁ గలవరపడును గదా! మూత్రవేగపు బాధలోఁ బెక్కుమాఱులు జరుగునది యిదియే. చెఱువునందు లోపము లేదు, తూమునందును లోపము లేదు. వార్తయే తప్పుడు వార్త.

ఇచట నాడి యనఁగా వైద్యుఁడు మణికట్టున వ్రేళ్లానించి చూచు నాడి కాదు, నరము. నడుము క్రిందిభాగమున, పిఱుదుల నడిమికి, అయిదు వెన్నుపూసలు కలిసిపోయి యొక్క యెముకగా నేర్పడియున్నవి. దానికిఁ ద్రికాస్థి యని పేరు. ఆ యెముకకు రెండుప్రక్కల నాలుగేసి రంధ్రములు గలవు. ఆ రంధ్రములనుండి వెడలు నరములలో మూఁడవ జత మూత్రాశయముతోడను, దాని బిగువు కండరముతోడను మిక్కిలి సంబంధము గలది. నేను చెప్పఁబోవు చికిత్స యా మూఁడవ నరమునకు సంబంధించినది.

చికిత్సకుఁ బోవుటకు ముందు కారణమును వెదకవలయును. ఇది మొదటి సూత్రము. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రమార్గమును మూయుటవలనను, మూత్రాశయమున రాయి యుండుటవలనను, మూత్రమునఁ జీము చేరుటవలనను, మధుమేహమువలనను నిట్టి లక్షణములే కలుగవచ్చును. రక్తపోటునకై తీసికొను కొన్ని మాత్రలు సైతము మూత్రము నధికము చేయును. వీనికి వేఱువేఱు చికిత్సలున్నవి. దగ్గినను తుమ్మినను బరువెత్తినను మూత్రము కాఱు బాధ మఱియొకటి. స్త్రీలలో నిది తఱచు. అది తూము వదులగుటచేఁ గలుగునది గనుక దానికీ నాడీప్రేరణ తగిన మందు గాదు.

మన ప్రాంతమువారు మఱియొక కారణమును జ్ఞప్తియందుంచుకొనవలయును. నేఁటి సూర్యాపేట జిల్లా 2016వ సంవత్సరము వఱకు నల్లగొండ జిల్లాలోనిదే. నల్లగొండ ఫ్లోరైడు నీటికిఁ బేరుపడిన సీమ. 1955లోనే యీ జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధినిగూర్చి సిద్దీఖీగారి వ్యాసము బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికయందు వెలువడినది. తరువాత హైదరాబాదునందలి నరశస్త్రవైద్యులు డాక్టరు డి. రాజారెడ్డిగారు ఈ వ్యాధి నరములను బాధించు విధమును బరిశోధించి వ్రాసిరి. ఫ్లోరైడు మిక్కుటముగా నున్న నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి వెన్నెముక గట్టిపడి, వెన్నుపాముండు మార్గ మిఱుకై, కాళ్లు బిగుసుకొనుటయు, మూత్రము స్వాధీనము తప్పుటయుఁ గలుగవచ్చును. అట్టివారికి మొదట వెన్ను పరీక్షింపవలయును; క్రింది నరమును సవరించినంతమాత్రమునఁ బైనున్న యొత్తిడి పోదు. ఒకవేళ హఠాత్తుగా మూత్రము బందై, కాళ్లు పట్టుదప్పి, పిఱుదులనడుమ స్పర్శ తెలియకున్నచో అది క్షణమైన నాలసింపరాని యాపద. ఆ రోగిని వెంటనే పెద్దాసుపత్రికిఁ జేర్పవలయును.

కారణములన్నియు వెదకి, వేఱు రోగము లేదని తేలినపిమ్మట సులభోపాయములను మొదలిడుదురు. కాఫీ టీలు తగ్గించుట, నీటిని మానక పగటిపూటఁ గొంచెము కొంచెముగాఁ ద్రాగి రాత్రికిఁ దగ్గించుట, మలబద్ధము పోఁగొట్టుకొనుట మొదటివి. గడియారము చూచి పోవుచు వ్యవధిని గ్రమముగాఁ బెంచుట, మూత్రము నాపునపుడు బిగించు కండరములను రోజును బిగించి వదలుట తరువాతివి. వీనివలన బాగుపడినవా రనేకులు గలరు. చరకుఁడు సూత్రస్థానము ఏడవ యధ్యాయమున సహజవేగముల నాపరాదని బోధించినాఁడు. ఈ యభ్యాసమునకును ఆ బోధకును విరోధము లేదు. నిజముగా నిండిన మూత్రాశయము వేగము నాపుమని వైద్యుఁడు చెప్పుట లేదు. నిండకముందే వచ్చు అకాలవేగమును మెల్లమెల్లగా శాంతింపఁజేయుమని చెప్పుచున్నాఁడు.

అటుపిమ్మట మాత్రలు. వానిలోఁ గొన్ని నోరెండఁజేయును, మలబద్ధము గలిగించును. వృద్ధులలోఁ గొందఱికి మతిమఱుపు తెచ్చును. మాత్రలు పనిచేయనిచో, సహింపకున్నచో, మూఁడు మార్గములున్నవి. బోటులినమ్ అను మందును సూదితో మూత్రాశయపు గోడలోని కెక్కించుట యొకటి. చీలమండయొద్ద సన్నని సూది గుచ్చి వారమున కొకమాఱు అరగంటసేపు, పండ్రెండు వారములు, కొంచెము విద్యుత్తును బంపుట రెండవది. త్రికాస్థియొద్ద నరమునకే విద్యుత్తు నందించుట మూఁడవది. ఈ మూఁడవదానిని వైద్యులు సేక్రల్ న్యూరోమాడ్యులేషన్ అందురు.

విద్యుత్తనఁగానే భయపడ నక్కఱలేదు. ఇటలీదేశమున గాల్వానీ యను పండితుఁడు విద్యుత్తుచేఁ గప్పకాలు కదలుటను జూచి 1791లో గ్రంథము ప్రకటించెను. నరములు విద్యుత్తునకు లోఁబడునని లోకము నాఁటినుండి యెఱుఁగును. 1958లో స్వీడనుదేశమున గుండెకు విద్యుత్తు నందించు యంత్రమును మొదటిమాఱు మనుష్యుని దేహములోపల నమర్చిరి. ఆ పేస్‌మేకరు పేరు నేఁడు మన గ్రామములలోనివారును ఎఱుఁగుదురు. మూత్రాశయ నరములకు నిట్టి యుపాయమునే అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందలి విశ్వవిద్యాలయమున టనాగో, ష్మిట్ అను వైద్యులు సాధించిరి. 1997లో అమెరికా ప్రభుత్వము వేగము నాపలేని బాధకును, 1999లో మాటిమాటికిఁ బోవలసివచ్చు బాధకును, అడ్డు లేకున్నను మూత్రము వెడలని బాధకును దీని నంగీకరించెను. ఈ విద్యుత్తు తూమును బలవంతముగా మూయదు. కేకలు వేయు నీరటివానిని శాంతపఱచి నిజమైన వార్తనే పంపునట్లు చేయును. మూలకారణమును బోఁగొట్టునది గాదు గనుక యంత్రము నాపినచో బాధ మరల వచ్చును.

ఈ చికిత్సలో నాకు మిక్కిలి నచ్చిన గుణమొకటి గలదు. పెక్కు శస్త్రచికిత్సలలో ఫలము తెలియుట కోఁత యైన తరువాతనే. దీనియందు అట్లు గాక, యంత్రమును దేహములోఁ బెట్టకముందే కొన్నిదినములు తాత్కాలికముగాఁ బనిచేయించి చూతురు. దీనికే నాడీప్రేరణ పరీక్ష యని పేరు. నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకుఁ బరీక్షలు పెట్టినవాఁడను గనుక ఆ మాటతోనే చెప్పెదను. ఈ పరీక్షలో రోగి పరీక్షార్థి కాఁడు. తీగెయే పరీక్షార్థి, రోగి పరీక్షకుఁడు. తీగె తప్పినచో రోగికి వచ్చిన యవమాన మేమియు లేదు.

ఈ సంగతి నేను దగ్గఱనుండి చూచితిని. నా బావగారొకరు, నాకంటె నాలుగేండ్లు పెద్ద, ఈ బాధచే మూఁడేండ్లు ఊరు దాఁటక యుండిరి. సొంత మనుమరాలి పెండ్లికిఁ దలంబ్రాలవేళ మాత్రము వచ్చి మరలిపోయిరి. మాత్రలు ఫలింపకపోఁగా వైద్యు లీ పరీక్షను సూచించిరి. ఆయన కంటిచూపు మందము గనుక లెక్క వ్రాయుటకు నేను వెంటఁబోయి, ఆయన కుమార్తె యింట హైదరాబాదున వారము దినములుంటిని.

పరీక్ష రెండు విధములు. మొదటిదానియందు వెండ్రుకవలె సన్నని తాత్కాలికపు తీగెను నరమునొద్దఁ జేర్చి వీఁపున కంటింతురు. మూఁడు మొదలు ఏడు దినములు చూచి లాగివేయుదురు. రెండవదానియందు జాఱకుండుటకై చిన్నచిన్న ముండ్లు గల స్థిరమైన తీగెనే చిన్న ఆపరేషనుతో నమర్చి, రెండువారములో అంతకుఁ గొంచె మెక్కువయో చూతురు. ఫలించినచో ఆ తీగెకే తరువాత బ్యాటరీ కలుపుదురు. మొదటిది తేలిక, కాని తీగె జాఱి నిజమైన మేలు కనఁబడకపోవచ్చును. రెండవది నమ్మకమైనది, కాని ఫలింపకున్నచో తీగె తీయుటకు మరల చిన్న కోఁత కావలయును. ఎవరికేది తగునో వైద్యుఁడు నిర్ణయించును. మా బావగారికి మొదటి విధమును జేసిరి.

ముందుగా వైద్యులు రక్తమును పలుచఁజేయు మందులను గూర్చి యడిగిరి. గుండెజబ్బునకై యాస్పిరిను వంటి మాత్రలు మ్రింగువారు తప్పక చెప్పవలయును. తమంతట మానరాదు, వైద్యుఁడు చెప్పినట్లు మానవలయును. మధుమేహము గలవారు చక్కెర నదుపులోఁ బెట్టుకొని పోవలయును. లేకున్నచో చీముపట్టు భయ మెక్కువ.

ఆ దినమున రోగిని బోర్లఁ బరుండఁబెట్టి, నడుము క్రింద మందుతోఁ దుడిచి, ఆ చోటు మాత్రము తిమ్మిరెక్కుటకు సూదిమం దిత్తురు. ఆ సూది చుఱుక్కుమనును. అంతకుమించిన నొప్పి సామాన్యముగా నుండదు. ఎక్స్‌రే తెరమీఁద చూచుచు మూఁడవ రంధ్రమునఁ దీగెను జొప్పింతురు. పిమ్మట కొంచెము విద్యుత్తు పంపి, "ఎక్కడఁ దెలియుచున్న" దని యడుగుదురు. మలద్వారముచుట్టును, దాని ముందుభాగమునను తట్టినట్లో, లాగినట్లో, జలజలమన్నట్లో తోఁచవలయును. కాలి బొటనవ్రేలు తనంతటఁ గొంచెము వంగును. అదే తీగె సరియైన చోటఁ బడినదనుటకు గుఱుతు. రోగి సిగ్గుపడి "ఎక్కడనో తెలియుచున్న" దన్నచో తీగె తప్పుచోట నిలిచిపోవచ్చును. అచట సిగ్గు పనికిరాదు. మా బావగారు మొదట మొగమాటపడిరి. తరువాత స్పష్టముగాఁ జెప్పిరి. అంతయు నొక గంటలోపల ముగిసినది. ఆనాఁటి సాయంకాలమే యింటికి వచ్చితిమి.

తీగె వెలుపలికొన చిన్న పెట్టెవంటి యంత్రమునకుఁ జేరియుండును. దానిని నడుముపట్టీకిఁ గట్టుదురు. విద్యుత్తు హెచ్చింపను తగ్గింపను వీలు గలదు. సుఖముగాఁ దెలిసియుఁ దెలియనట్లుండుటయే సరియైన పరిమాణము. హెచ్చించినకొలఁది మేలని యెంచరాదు. నొప్పి కలిగినచోఁ దగ్గింపవలయును. కూర్చున్నప్పటికంటె పరుండినప్పు డొక్కొక్కమాఱు చుఱుకెక్కువగాఁ దోఁచును. అది భయపడఁదగినది కాదు.

ఆ దినములలోఁ గొన్ని నియమములు గలవు. నీళ్లు పోసికొనరాదు, తడిబట్టతోఁ దుడుచుకొనవలయును. వంగుట, నడుము త్రిప్పుట, బరువెత్తుట, మెట్లు తఱచుగా నెక్కుట కూడదు, తీగె జాఱును. సైకిలును, పొలముపనియు ఆ దినములలో మానవలయును. కాని యింట మూలఁగూర్చుండుటయుఁ దగదు. రోజును ద్రాగునంత నీరే త్రాగి, రోజును దిరుగునట్లే కొంచెము దిరుగవలయును. నీరు మాని మూత్రము తగ్గినచో ఆ పరీక్ష దేనిని బరీక్షించినట్లు? జ్వరము వచ్చినను, పట్టీక్రింద నెఱ్ఱనై చీము గాఱినను, తీగె వెలుపలికి వచ్చినను వెంటనే వైద్యునకుఁ దెలుపవలయును.

ఇఁక లెక్కపుస్తకము. పరీక్షయంతటిలో ముఖ్యమైనది యిదియే. పరీక్షకు ముందు మూఁడు దినములును, పరీక్ష జరుగు దినములన్నియు నీ లెక్క వ్రాయవలయును. ఏ వేళఁ బోయినది, గీతలు గల పాత్రలో ఎంత కొలఁతకు వచ్చినది, ఆపుకొనలేక పరుగెత్తవలసినదా, వస్త్రము తడిసినదా, రాత్రి యెన్నిమాఱులు లేచినది, ఇవి యన్నియు నుండవలయును. ముందరి లెక్కయు తరువాతి లెక్కయుఁ బోల్చి, బాధ సగమునకైనఁ దగ్గినచో పరీక్ష ఫలించినదని వైద్యులు నిర్ణయింతురు. రోగి మొగము చూచి కాదు, లెక్క చూచియే నిర్ణయము.

మా బావగారి మొదటి లెక్కలో దినమునకుఁ బదునైదు మాఱులును, నాలుగు తడుపులును నుండెను. తీగె పెట్టిన రెండవ దినమునకే ఎనిమిది మాఱులకు దిగెను. నాలుగవ దినమున మధ్యాహ్నభోజనమైనపిమ్మట పంచె తడిసినది. ఆయన నన్ను మెల్లగాఁ బిలిచి, "బావా, ఈ యొక్కటి వ్రాయకుము. పిల్లలింత ఖర్చు పెట్టుచున్నారు, ఇది తప్పిపోయినచో నేను మరల మూలఁబడుదును" అనిరి. ఆ మాట నా మనస్సును గలఁచినది. ఐనను వ్రాసితిని. "బావా, దీనిని దాఁచి యంత్రము పెట్టించుకొన్నచో రేపది పనిచేయనప్పుడు దాఁచుటకుఁ బుస్తకముండదు. లెక్క మన పక్షముననే యున్నది, దానిని జెఱుపవలదు" అంటిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. సాయంకాలము తామే, "రాత్రి లేచినవి కూడ సరిగా వేయుచున్నావా?" యని యడిగిరి.

మీకు నేను ముఖ్యముగాఁ జెప్పఁదలఁచిన దిదియే. ఈ పరీక్షలో రోగిని జెఱుపునవి రెండు: సిగ్గుచే బాధను దాఁచుట యొకటి, ఆశచే లెక్కను దిద్దుట రెండవది. ఇంటివారు "బాగున్నది కదా, బాగున్నది కదా" యని తఱుముచున్నచో, వృద్ధుఁడు వారి సంతోషము కొఱకే బాగున్నదనును. కావున పెద్దలను బరీక్షకుఁ గొనిపోవు బిడ్డలు ఖర్చుమాట యెత్తక, "ఉన్నదున్నట్లు చెప్పుము" అని ధైర్యము చెప్పవలయును.

ఏడవ దినమునఁ దీగెను లాగివేసిరి. దారము లాగినట్లే యుండినదని బావగారు చెప్పిరి. మొత్తమునకు మాఱులు సగమునకుఁ దగ్గినవి. తడుపులు దినమునకు నాలుగునుండి యొకటికి వచ్చినవి. ఆ నాలుగవనాఁటి తడుపును గలిపియే యీ ఫలము. తీగె తీసిన రెండు దినములకు బాధ మొదటివలెనే మరలివచ్చినది. అదియు నొక సాక్ష్యమే: మేలు కాకతాళీయము గాక, తీగెవలన గలిగినదని తేలినది. అదేవారమున అచటనే పరీక్ష పొందిన మఱియొక పెద్దమనిషికి లెక్కలో మార్పేమియుఁ గానరాలేదు. తీగె తీసివేసిరి, ఆయన మరల మఱియొక చికిత్స నారంభించెను. పనికిరాని యంత్రము దేహములోఁ జేరకుండ నాఁపినది గనుక ఆ పరీక్షయు వ్యర్థము గాదు.

పరీక్ష ఫలించినవారికి రెండవ యంకము. పిఱుదు పైభాగమునఁ జర్మముక్రింద చిన్న బ్యాటరీయంత్రము నమర్తురు. కొన్ని కొన్నియేండ్లకు మార్పవలసినవి. కొన్ని పైనుండియే విద్యుత్తు నింపుకొని పదునైదేండ్లవఱకు నుండునవి. రెండవ జాతికి రోగి తానే తఱచుగా విద్యుత్తు నింపుకొనవలయును. చూపును జ్ఞాపకమును తగ్గినవారు ఈ సంగతి ముందే యాలోచింపవలయును. దోషములు లేకపోలేదు: యంత్రమున్న చోట నొప్పి, చీము, తీగె జాఱుట, కాలక్రమమున మేలు తగ్గుట, మరల కోఁత యవసరమగుట కొందఱికి సంభవించును.

యంత్రము గలవారు కొన్ని జాగ్రత్తలు తప్పక పాటింపవలయును. మోకాలినొప్పులకు ఫిజియోథెరపీవారు డయాథర్మీ యను విద్యుత్కాఁపు పెట్టుదురు. యంత్రము గలవారి కది కూడదు, తీగె వేఁడెక్కి నరమును గాల్చును. ఎం.ఆర్.ఐ. తీయింపవలసివచ్చినచో ముందుగా యంత్రము సంగతి చెప్పవలయును. కొన్ని యంత్రములకే, కొన్ని నియమములతోనే, అది తగును. యంత్రము పేరు గల చీటిని బస్సుపాసువలె జేబులో నెల్లప్పుడు నుంచుకొనవలయును.

పరీక్షకు ఒప్పుకొనుటకు ముందు వైద్యుని నీ ప్రశ్నలు అడుగుఁడు: నా బాధకుఁ గారణము లన్నియు వెదకితిరా? ఇంతకంటెఁ దేలికైన యుపాయములు మిగిలియున్నవా? రెండు పరీక్షలలో నాకేది, ఎందుకు? మీరిట్టివి తఱచు చేయుచున్నారా? పరీక్షకుఁ గర్చెంత, యంత్రమునకుఁ గర్చెంత? ఆరోగ్యశ్రీ గాని, భీమా గాని దీనికి వర్తించునా? ఖర్చు మిక్కిలి హెచ్చు గనుక ఈ రెండు లెక్కలను వేఱువేఱుగా వ్రాయించుకొనుట మంచిది. పరీక్షకు ఒప్పుకొన్నంతమాత్రమున యంత్రమునకు ఒప్పుకొన్నట్లు గాదని యెఱుఁగుఁడు. ఫలించినను వలదనుటకు రోగికి స్వాతంత్ర్యము గలదు.

ఈ బాధ గల పెద్దలు నేఁడే చేయఁదగిన పని యొకటి యున్నది. దానికిఁ గాసు ఖర్చు లేదు. ఒక పాత నోటుపుస్తకమును, గీతలు గల యొక పాత్రను దెచ్చుకొని, మూఁడు దినములు లెక్క వ్రాయుఁడు. వ్రాయలేనివారికి మనుమఁడో మనుమరాలో వ్రాసిపెట్టును. ఆ మూఁడు పుటలను వైద్యుని చేతఁ బెట్టినచో, నోటితోఁ జెప్ప సిగ్గుపడు మాటలన్నియు నవియే చెప్పును. చికిత్స యేదైనను ఆ లెక్కనుండియే యారంభమగును.

సెలవు.